అరవై మూడో పేరు

నలభై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా నేను సముద్రం చూడలేదు. చూడకుండానే మా పత్తికొండ హైస్కూల్లో ఇరవై రెండేళ్ళుగా పిల్లలకు సముద్రం గురించి పాఠం చెబుతున్నాను. ఆటుపోట్లు, పవనాలు, ఉప్పు మడులు, అన్నీ కళ్ళకు కట్టినట్టే చెబుతాను. ఒకరోజు మా ఆవిడ అన్నం వడ్డిస్తూ "సూడని దాన్ని గురించి అంతసేపు ఎట్ల సెప్తావు?" అని అడిగింది. అందుకే మొన్న డిసెంబరు సెలవుల్లో సంచీ సర్దుకుని కోస్తాకు బయలుదేరాను.

నిజానికి ఇంకో కారణం కూడా ఉంది. మా అవ్వ చిన్నతనంలో మా ఊరికి ఉప్పు ఎద్దుల మీద వచ్చేదట. ఎరుకలవాళ్ళు సముద్రపుటొడ్డు నుంచి పెరిక సంచుల్లో నింపుకుని, అడవులు దాటి, నెలల తరబడి నడిచి తెచ్చేవారట. ఉప్పు పోసి జొన్నలు కొలుచుకునేవారు. తర్వాత రైలొచ్చింది, వాళ్ళు రావడం మానేశారు. "యాడికి పోయిరో ఏమో" అని అవ్వ చాలాసార్లు అనేది. ఎక్కడికి పోయారో చరిత్ర పుస్తకాలు చదివాక నాకు తెలిసింది. బేరం పోయి రోడ్డున పడ్డవాళ్ళను తెల్లదొరలు పుట్టుదొంగలని చట్టం రాసి, పట్టుకొచ్చి, బాపట్ల వైపు సెటిల్మెంట్లు కట్టి అందులో పెట్టారు. పాసు లేకుండా ఊరు దాటకూడదు, రోజూ హాజరు పలకాలి. స్వతంత్రం వచ్చిన కొన్నేళ్ళకు ఆ చట్టం పోయింది, మనుషులు మాత్రం అక్కడే ఉన్నారు. సముద్రాన్నీ, మా అవ్వకు ఉప్పు తెచ్చినవాళ్ళనూ ఒకేసారి చూసి రావాలని నా కోరిక.

తెనాలి

తెనాలిలో నా కాలేజీ స్నేహితుడు మాధవరావు ఉన్నాడు. వాళ్ళ నాన్న గుంతకల్లు రైల్వేలో పనిచేసేటప్పుడు మేమిద్దరం అనంతపురంలో ఒకే గదిలో ఉండి చదువుకున్నాం. ఇప్పుడు ఇక్కడ వ్యవసాయమూ, దానితోపాటు ఒక పచారీ కొట్టూ చూసుకుంటున్నాడు.

ఊళ్ళో దిగగానే నేను చేసిన మొదటి పని కాలవ వంతెన మీద నిలబడి నోరెళ్ళబెట్టడం. ఊరి మధ్యలోంచి అన్ని నీళ్ళు అలా పోతూనే ఉన్నాయి. వడ్ల బస్తాల పడవొకటి వెళ్ళింది. ఒకాయన అరటి ఆకులు కడుగుతున్నాడు, ఇంకొకాయన గేదెను కడుగుతున్నాడు. నీళ్ళవంక ఎవరూ చూడటం లేదు. మా ఊళ్ళో చేద వేస్తే ముందు బావి అడుగున రాయి తగిలిన చప్పుడు వినిపిస్తుంది, తర్వాతే నీళ్ళ సంగతి. నేను అరగంట నిలబడ్డాను. మాధవరావు కాసేపు ఓర్చుకుని "అయిపోవులే, రేపు కూడా వస్తాయి, కాఫీకి పద" అన్నాడు. హోటల్లో పెసరట్టూ ఉప్మా కలిపి అరవై పైసలు, కాఫీ పాతిక పైసలు. ఆ కాఫీ కోసమైనా మళ్ళీ రావచ్చు.

మధ్యాహ్నం వాళ్ళింట్లో భోజనం. మాధవరావు భార్య రాజ్యలక్ష్మి గారు నన్ను చూడటం అదే మొదటిసారి, అయినా గుమ్మంలోనే అన్నయ్యగారిని చేసేశారు. గోంగూర, కందిపొడి, ముద్దపప్పు, మీగడ కట్టిన పెరుగు, వీటన్నిటికీ వెనకాల కొండంత అన్నం. మా ఇళ్ళలో జొన్నరొట్టె రోజువారీ, అన్నం పండగకూ చుట్టాలకూ. ఉండబట్టలేక అడిగాను.

"రోజూ అన్నమే తింటే పండగనాడు ఏం తింటారమ్మా?"

"పండగనాడు కూడా అన్నమేనండి అన్నయ్యగారూ" అన్నారావిడ. "కాకపోతే అందులో కాస్త చింతపండు పులుసు కలుపుతాం."

చేతులు కడుక్కుంటూ నేను వెళ్ళాల్సిన చోటు చెప్పాను. మాధవరావు మొహం మారింది. "సెటిల్మెంటుకా? సరే, నీ ఇష్టం. రేపల్లెలో శర్మగారని ఒకాయన ఉన్నాడు, మా నాన్నగారికి తెలుసు. దొరల కాలంలో ఆ సెటిల్మెంటులోనే గుమాస్తా. ముందాయన్ని కలువు. ఆ చేతి గడియారం మాత్రం ఇక్కడ పెట్టి వెళ్ళు" అన్నాడు. నేను సోషల్ మాస్టర్ని, మనుషులంతా ఒకటేనని ఏటా పాఠం చెప్పేవాణ్ణి. మారు మాట్లాడకుండా గడియారం తీసి అతని చేతిలో పెట్టాను. ఈ సంగతి రాయకుండా దాటేయొచ్చు, కానీ దాని ఫలితం తర్వాత అనుభవించాను కనక రాయక తప్పదు.

రేపల్లె

తెనాలి నుంచి రేపల్లె పోయే రైలుకు తొందరంటే తెలియదు. కిటికీకి రెండు వైపులా కోతలు సాగుతున్నాయి. పండిన వరి మధ్యలోనే అప్పటికే మినుము మొలకెత్తి ఉంది. వరి నిలబడి ఉండగానే మినుములు చల్లేస్తారట, వరి కోసేసరికి కింద రెండో పంట తయారు. మా దగ్గర ఒక్క పంటకే దేవుడికి ముడుపులు కట్టాలి. ఇక్కడ భూమికి తీరిక ఇవ్వరు.

స్టేషను నుంచి అడ్డదారి అని ఎవరో చెబితే గట్టు పట్టుకుని నడిచాను. నాలుగో అడుగులో కాలు జారి మోకాలి దాకా బురదలో దిగబడ్డాను. ఒక చెప్పు అందులోనే ఉండిపోయింది. కోత కోస్తున్న ఆడవాళ్ళు కొడవళ్ళు ఆపి చూశారు. ఒకామె "ఏంటన్నయ్యగారూ, మేం కోస్తుంటే మీరు నాట్లకి దిగారా?" అంది. మిగతావాళ్ళు నవ్వారు. ఆమే వచ్చి చెయ్యి అందించి లాగింది, చెప్పు వెతికి తీసి, నీళ్ళలో జాడించి ఇచ్చింది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని పిల్లలకు చెప్పే సామెత ఆరోజు నేను ప్రయోగం చేసి చూసుకున్నట్టయింది.

శర్మగారికి డెబ్భై ఎనిమిదేళ్ళు. తమ్ముడి కుటుంబంతో ఉంటున్నారు. సన్నగా, నిటారుగా, మడత నలగని పంచెతో ఉన్నారు. నేను వచ్చిన పని చెప్పగానే ముక్కుపొడుం డబ్బా మూసేశారు. తర్వాత లోపలికి రమ్మని తలుపు దగ్గరగా వేశారు.

"ఇరవై రెండేళ్ళు హాజరు పిలిచానండి" అన్నారు. "పొద్దున గంట కొట్టగానే ఒకసారి, సాయంత్రం గంట కొట్టగానే ఒకసారి. దొర కుర్చీలో కూర్చునేవాడు. నేను నెంబరూ పేరూ చదివేవాణ్ణి. ఆడామగా వరసలో నిలబడి పలకాలి. పలకకపోతే పరారీ అని రాయాలి. జ్వరమొచ్చినా, కానుపొచ్చినా ముందు వచ్చి చెప్పుకోవాలి. చుట్టాల ఊరు వెళ్ళాలంటే పాసు. ఏ దారిన పోవాలో, ఎన్ని గంటలకు చేరాలో అందులోనే రాసిచ్చేవాళ్ళం. అక్కడి మునసబు సంతకం పెడితేనే వెళ్ళినట్టు లెక్క."

ఇనప్పెట్టె తెరిచి, పట్టుపంచెలో చుట్టిన పొడుగాటి పుస్తకం తీశారు. హాజరు రిజిస్టరు. చట్టం పోయాక పుస్తకాలన్నీ తాలూకా కచేరీకి అప్పగించమన్నారట. ఈ ఒక్కటీ ఆయన అప్పగించలేదు. ప్రభుత్వ పుస్తకం ఇంట్లో దాచుకున్నానని తెలిస్తే పింఛనుకు ఎసరొస్తుందని ఇన్నేళ్ళూ ఎవరికీ చూపించలేదు.

"మరెందుకు దాచారండి?" అని అడిగాను.

"చెప్పలేనండి. నేను పిలిస్తే పలికిన మనుషులు. పుస్తకం చెదల పాలైతే వాళ్ళు ఉన్నారనడానికి ఇంకేముంది? మంచిపని చేశానని అనుకోవడం లేదు. పిలిచింది నేనే కదా."

పేజీలు తిప్పాను. నెంబరు, పేరు, తండ్రి లేక భర్త పేరు, ఒంటిమీద మచ్చలు, సాగుకిచ్చిన పొలం చెక్క. ఆ పక్కన పదివేళ్ళ ముద్రలు, నారుమడి వరసల్లా నల్లగా. మా అవ్వకు ఉప్పు కొలిచినవాళ్ళ పిల్లల వేళ్ళు ఇవే అయి ఉండొచ్చు. మనుషుల్ని ఇంత శ్రద్ధగా, ఇంత అందమైన చేతిరాతతో అవమానించవచ్చని నాకప్పటిదాకా తెలియదు.

వచ్చేటప్పుడు శర్మగారు వీధి దాకా వచ్చారు. "అరవై మూడో నెంబరు అంకమ్మని ఒకావిడ ఉండేది. బతికుందేమో కనుక్కోండి. అన్నేళ్ళూ రెండు పూటలా పలికింది గానీ, ఏనాడూ నా మొహం చూడలేదు" అన్నారు.

సెటిల్మెంటు

ఇది పేరున్న స్టూవర్టుపురం కాదు. ఆ వైపే ఉన్న ఇంకో చిన్న సెటిల్మెంటు. పేరు రాయనని అక్కడివాళ్ళకు మాటిచ్చాను. బాపట్లలో రోజుకు నాలుగు రూపాయల గది తీసుకుని, మర్నాడు పొద్దున బస్సులో వెళ్ళాను.

ఇసక నేలమీద స్కేలు పెట్టి గీసినట్టు నాలుగు వీధులు. ఎటు నిలబడినా ప్రతి గుమ్మమూ కనబడుతుంది. అలా కనబడాలనే దొర కట్టించాడట. మిగతాదంతా ఏ ఊరైనా అంతే. ఈతాకు చాపలు అల్లుతున్నారు, పందులు తిరుగుతున్నాయి, బడిలోంచి ఎక్కాలు వినబడుతున్నాయి. బడి అరుగుమీద ముగ్గురు ముసలివాళ్ళు చుట్టలు కాలుస్తూ ముచ్చట్లాడుకుంటున్నారు. వీధుల కొలతలు రాసుకుందామని నేను నోటుపుస్తకం, పెన్నూ తీశాను.

ముగ్గురూ చుట్టలు పడేసి లేచారు. ఒకరి పక్కన ఒకరు నిలబడ్డారు. మధ్యలో ఉన్నాయన ఏదో గుర్తొచ్చినట్టు పక్కాయన్ని జరగమని తాను చివరికి వెళ్ళాడు. నెంబర్ల ప్రకారం వరస సరిచేసుకున్నారన్నమాట. చేతులు పక్కలకు దించి నావైపు చూడకుండా ఎదురుగా చూస్తున్నారు. ఏం జరుగుతోందో అర్థమవగానే పుస్తకం మూసేశాను. చట్టం పోయి ఇరవై ఏళ్ళు దాటింది, కాళ్ళకు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు.

"కూర్చోండి" అని వెనకనుంచి ఒక గొంతు వినిపించింది. "పుస్తకం పట్టుకున్న ప్రతివాడూ దొరేనా? ఈయన పంచెకి బురద మరకలు చూడండి."

ముసలివాళ్ళు సిగ్గుపడుతూ కూర్చున్నారు. పలికినావిడ గుమ్మంలో బుట్ట అల్లుతోంది. డెబ్భై దాకా ఉంటాయి. పేరు అడగకుండానే నాకు తెలిసిపోయింది. అయినా అడిగాను.

"అంకమ్మని. కూర్చో నాయనా. ఎండలో వచ్చావు."

లోపల్నుంచి ఆమె కూతురు సుబ్బులు మంచినీళ్ళు తెచ్చింది. నేను మా అవ్వ సంగతి చెప్పాను, ఉప్పు సంగతి చెప్పాను. అంకమ్మ చేతిలో ఈనె ఆగింది. "మా తాతకి ఇరవై ఎడ్లుండేవంట. ఎగువ దేశం పోయి ఆర్నెల్లకి తిరిగొచ్చేవాళ్ళంట. మీ ఇళ్ళలో మజ్జిగ పోసేవాళ్ళని చెప్పేవాడు" అంది. మళ్ళీ ఈనె అందుకుంటూ, "ఉప్పు మోసినన్నాళ్ళూ మేం దొంగలం కాదు నాయనా. మోత ఆగిపోయాకే దొంగలమయ్యాం" అంది.

మాటల్లో మాటగా టైమెంతయిందని అడిగింది. అలవాటుకొద్దీ చెయ్యి ఎత్తి చూశాను. గడియారం లేదు, దాని పట్టీ ఉండే చోట తెల్లటి చార ఉంది. ఆవిడ ఆ చారవంకా నావంకా చూసింది.

"ఎవరింట్లో పెట్టొచ్చావు నాయనా?"

"తెనాలిలో, మా స్నేహితుడి దగ్గర" అన్నాను. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. కోపగిస్తుందనుకున్నాను. ఆవిడ నవ్వింది. ఆ నవ్వుకంటే రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

భోజనం పెట్టకుండా పంపలేదు. ముతక బియ్యపన్నం, చింతచిగురు వేసిన ఎండుచేపల పులుసు. మా ఇంట్లో తెలిస్తే ఏమంటారో తెలియదు గానీ, రెండోసారి వడ్డించుకున్నాను. తింటుండగా సుబ్బులు అసలు సంగతి చెప్పింది.

దొరల కాలంలో ఒక్కో కుటుంబానికి సాగు చేసుకోమని రెండేసి ఎకరాల చెక్క ఇచ్చారు. అంకమ్మా ఆమె మొగుడూ జమ్ము గడ్డి కొట్టి, ఇసక ఎత్తిపోసి దాన్ని పొలం చేశారు. మొగుడు పోయాడు. ఇప్పుడు ప్రభుత్వం ఆ చెక్కలకు పట్టాలిస్తామంటోంది. అయితే మొదట ఇచ్చింది తమకేనని పాత కాగితం చూపించాలి. చూపించలేనివి బంజరు కింద రాసేస్తారు. ఎల్లుండే తాసిల్దారు దగ్గర ఆఖరి విచారణ. కాగితాలు ఎవరి దగ్గరా లేవు. చట్టం పోయిన రోజున ఊరంతా తమ దగ్గరున్న పాసులూ చెక్కల కాగితాలూ కుప్పపోసి తగలబెట్టి, దాని చుట్టూ ఆడారట. మిగతావాళ్ళంతా ఆశ వదులుకున్నారు. అంకమ్మ ఒక్కతే వెళ్తానంటోంది.

"కాగితం లేకుండా ఏం చూపిస్తావంటే చేతులు చూపిస్తానంటది" అంది సుబ్బులు. "ఆ పొలం పోతే మాకింకేం లేదండి సార్."

నేను శర్మగారి పుస్తకం సంగతి చెప్పాను. సుబ్బులు మొహం వెలిగింది. అంకమ్మ మొహం మాత్రం రాయిలా అయిపోయింది.

"అది ఇంకా ఉందా?" అంది. "అందులో మేం దొంగలమని రాసుంది. ఆ మాట నేనే తీసుకెళ్ళి ఆఫీసులో చూపించాలా? ఆ ముద్రలు వేయించుకున్న రోజే అనుకున్నా, చచ్చినా ఇంకెక్కడా వేలు పెట్టకూడదని. చట్టం పోయాక రాత్రి బడికెళ్ళి సంతకం నేర్చుకున్నా. వద్దు నాయనా."

బాపట్లలో నేను దిగిన లాడ్జి పేరు చెప్పి లేచాను. ఒప్పించే అర్హత, చేతికి తెల్లచార ఉన్నవాడికి ఉండదు.

బాపట్ల, సూర్యలంక

మర్నాడు పొద్దున్నే లాడ్జి కుర్రాడు తలుపు కొట్టి, ఎవరో ముసలామె వచ్చిందని చెప్పాడు. అంకమ్మ సంతకు తెచ్చిన బుట్టల మధ్య మెట్లమీద కూర్చుని ఉంది.

"తెప్పించు నాయనా" అంది. "పొద్దుపోయేదాకా ఆలోచించా. ఆ పొలంలో ఇసక మోసి మోసి మా ఆయన నడుం వంగిపోయింది. నా పౌరుషం కోసం ఆయన నడుం బంజరు కింద రాయనివ్వను."

పోస్టాఫీసుకు పరిగెత్తాను. "పుస్తకం తీసుకుని రేపు పొద్దున బాపట్ల తాలూకా ఆఫీసుకు రండి, అరవై మూడు బతికే ఉంది" అని శర్మగారికి టెలిగ్రాం ఇచ్చాను. గుమాస్తా రెండుసార్లు చదివి "అరవై మూడేంటండి, లాటరీయా?" అన్నాడు. దాదాపు అంతేనన్నాను. ఆయన వస్తారన్న నమ్మకం నాకు లేదు. దాచిన పుస్తకంతో తాసిల్దారు ముందుకు రావడమంటే తన పింఛను తానే బల్లమీద పెట్టడం.

చెయ్యడానికి ఇంకేమీ లేక సూర్యలంక వెళ్ళాను. సరుగుడు తోటల్లోంచి నడుస్తుంటే ముందు చప్పుడు వినిపించింది. లారీలు వెళ్తున్నాయనుకున్నాను. తోట అయిపోయింది. ఎదురుగా సముద్రం ఉంది.

ఇరవై రెండేళ్ళుగా నేను చెప్పిన పాఠంలో ఒక్క ముక్కా దీని గురించి కాదు. చెప్పులు విడిచి చేతులు జోడించాను, ఎందుకో తెలియదు. వలలు బాగుచేసుకుంటున్న జాలరి ఒకాయన నన్ను చూసి "మొదటిసారా అండి?" అని అడిగాడు. అవునన్నాను. "లోతుకి పోబాకండి. మోకాళ్ళదాకా చాలు, మిగతాది ఆయనది" అన్నాడు సముద్రాన్ని చూపిస్తూ. అల వచ్చి పంచె తడిపి పోయింది. చేతిమీద నీళ్ళు ఆరాక సన్నగా ఉప్పు మిగిలింది. నాలుకకు రాసుకుని చూశాను. ఇంత సముద్రాన్ని ఎద్దులమీద మోసి మా అవ్వ కుండలోకి తెచ్చిన మనుషుల్ని తలుచుకుంటే కళ్ళు చెమర్చాయి. అక్కడే ఇసకలో పొద్దు వాలేదాకా కూర్చున్నాను.

తాలూకా ఆఫీసు

విచారణ పదిన్నరకు. పదీ ఇరవైకి కూడా శర్మగారు రాలేదు. అంకమ్మ ఉతికిన చీర కట్టుకుని, సుబ్బులు పక్కన వరండాలో నిలబడి ఉంది. బంట్రోతు పేరు పిలిచాడు. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర రిక్షా ఆగింది. శర్మగారు పట్టుపంచె మూట పొట్టకు కరుచుకుని దిగారు. అంకమ్మను చూసి ఆగిపోయారు. ఆవిడ చూపు తిప్పుకుని లోపలికి నడిచింది.

తాసిల్దారు చిన్నవాడు, ముప్పై అయిదు దాటి ఉండవు. రిజిస్టరు ఎక్కడిదని అడిగాడు. శర్మగారు ఉన్నదున్నట్టు చెప్పారు. తాసిల్దారు ఆయనవంక చాలాసేపు చూసి, ఆ విషయం తర్వాత మాట్లాడదామని పేజీలు తిప్పాడు. అరవై మూడు దగ్గర ఆగాడు. పేరుంది, భర్త పేరుంది, చెక్క ఉంది.

"ఉందమ్మా. కానీ ఈ అంకమ్మ మీరేనని నాకు రుజువు కావాలి. మీ వైపు వీధికో అంకమ్మ ఉంటుంది. ముద్రలున్నాయి కదా, మీ వేళ్ళు వేస్తే పోల్చి చూస్తాను."

"సంతకం పెడతాను బాబూ."

"అప్పట్లో మీరు సంతకం పెట్టలేదు కదమ్మా. దేనితో పోల్చను?"

ఆయన మాటలో తప్పు లేదు. అంకమ్మ కూతురివైపు ఒకసారి చూసి, ఇంకు పలక మీద బొటనవేలు పెట్టింది. కాగితంమీద నల్లటి మరక పడింది. గీతలు లేవు. రెండో వేలు, మూడో వేలు, పదివేళ్ళూ అంతే. యాభై ఏళ్ళు ఈనెలు చీల్చి చీల్చి వేళ్ళు నున్నగా అరిగిపోయాయి. ఏ వేళ్ళు పట్టుకుని దొరలు ఈ మనిషిని అన్నేళ్ళు కాపలా కాశారో, ఆ గీతల్ని ఆవిడ పనే చెరిపేసింది. ఆశ్చర్యపోవాలో భయపడాలో తెలియలేదు నాకు. పొలం పోయిందనుకున్నాను.

"నేను చెబుతానండి, ఈమే" అన్నారు శర్మగారు.

"పుస్తకం దాచుకున్నవారి సాక్ష్యం నేనెలా రాయనండి?" అన్నాడు తాసిల్దారు, నొచ్చుకుంటూనే. రిజిస్టరు మూయబోయాడు.

"మూయబాకండి బాబూ" అంది అంకమ్మ. "మొదటి పేజీ తీయండి."

కళ్ళు మూసుకుంది. వరసలో నిలబడినట్టు చేతులు పక్కలకు దించింది.

"ఒకటి, గోవిందు, హాజరు. రెండు, గోవిందు పెళ్ళాం ఎల్లమ్మ, హాజరు. మూడు, రాఘవులు, హాజరు. నాలుగు, రాఘవులు తమ్ముడు యానాది, కుడికన్ను లేదు, హాజరు."

తాసిల్దారు వేలు పేజీమీద కదలడం మొదలుపెట్టింది. ఆవిడ ఆగలేదు. పేరు వెంట పేరు, అదే వరస, ఒక్కటి తప్పలేదు. అరుగుమీద లేచి నిలబడిన ముసలివాళ్ళ పేర్లు కూడా వచ్చాయి. పక్క గదిలో టైపు చప్పుడు ఆగిపోయింది. గుమాస్తాలు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. మా స్కూల్లో ముప్పై మంది హాజరు నేను పుస్తకం చూడకుండా చెప్పలేను.

"ముప్పై ఎనిమిది, కోటయ్య. పరారీ." ఇక్కడ ఆగింది. "పారిపోలేదు బాబూ. అమ్మకి బాగాలేదని పాసు అడిగితే ఇవ్వలేదు. కాలవ ఈదబోయి చచ్చిపోయాడు. పుస్తకంలో మాత్రం పరారీ అనే ఉంటది, చూడండి."

తాసిల్దారు చూశాడు. తలూపాడు. శర్మగారు గోడవైపు తిరిగారు.

అంకమ్మ మళ్ళీ అందుకుంది. అరవై దాటింది. "అరవై రెండు, మా ఆయన సుబ్బయ్య, హాజరు" అని ఆగిపోయింది. తన పేరు తాను ఏనాడూ పిలుచుకోలేదు కదా. గోడవైపు తిరిగి ఉన్న శర్మగారి గొంతులోంచి, ఆయన ప్రమేయం లేకుండానే అనుకుంటాను, పాత పిలుపు వచ్చింది.

"అరవై మూడు, అంకమ్మ."

ఆవిడ కళ్ళు తెరిచి ఆయన మొహంలోకి చూసింది. హాజరు అనలేదు. పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇక్కడే ఉన్నానయ్యా శర్మగారూ" అంది.

తాసిల్దారు ఇంకు పలక అవతలికి జరిపి, తన జేబులోని పెన్ను తీసి ఇచ్చాడు. ఆవిడ ఒక్కో అక్షరం దిద్దినట్టు సంతకం పెట్టింది. పెన్ను తిరిగిచ్చేస్తూ అడిగింది.

"నాది రాసేశారు. మరి మిగతా అరవై ఒక్క మందికీ? వాళ్ళో, వాళ్ళ పిల్లలో ఊళ్ళోనే ఉన్నారు. కాగితం లేదని రాలేదు."

ఆయన బంట్రోతును పిలిచి, ఆ రోజుకు మిగతా పనులన్నీ వాయిదా వేయమని చెప్పాడు. సొరుగులోంచి కొత్త తెల్లకాగితాల దస్తా తీసి ముందు పెట్టుకున్నాడు.

"మళ్ళీ ఒకటి నుంచి చెప్పండమ్మా" అన్నాడు. "ఎవరి పిల్లలెవరో కూడా చెప్పండి. ఈసారి కాస్త నెమ్మదిగా, నేను రాసుకోవాలి."